నీళ్ల కోసం పుట్టిన డబ్బా

తిరుచానూరు గుడి వీధిలో పసుపు కుంకుమల అంగడి ముందు నిలబడితే, పళ్లేలలో కుంకుమ గోపురంలా పోసి కనిపిస్తుంది. అడిగితే తూకం వేసి పొట్లం కట్టిస్తారు. అదే అంగట్లో తల ఎత్తి చూస్తే షాంపూ ప్యాకెట్లు దండలు దండలుగా వేలాడుతుంటాయి. రెండూ ఒంటికి పెట్టుకునే సరుకులే. షాంపూకి ఉన్నట్టే కుంకుమ పొడికీ మన సౌందర్య సాధనాల నియమాల్లో ప్రమాణం ఉంది. అయినా ఒకటి కాగితం పొట్లంలో ఇంటికి చేరుతుంది, ఇంకొకటి పొరల మీద పొరలున్న కవరు లేనిదే ఫ్యాక్టరీ గడప దాటదు. ఎందుకిలా అంటే కాలం మారిందని కొందరు, కంపెనీల ఆర్భాటమని కొందరు అంటారు. అసలు కారణం వీటికంటే సాదాసీదాది: నీళ్లు.

పాతకాలపు సింగారం సామాను ఒకసారి గుర్తు చేసుకుంటే సంగతి తేలుతుంది. కుంకుమ భరిణె, కాటుక కాయ, సున్నిపిండి డబ్బా, శీకాయ మూట, గంధపు చెక్క, సాన. కుంకుమ, సున్నిపిండి, శీకాయ పొడి సరుకులు. కాటుక ఆముదంలోనో నెయ్యిలోనో కలిపిన మసి. వీటిలో నీళ్ల చుక్క లేదు, కాబట్టి బూజు పట్టదు, పులవదు. గంధానికైతే డబ్బా కూడా అక్కర్లేదు, చెక్కే దాని డబ్బా. సాన మీద నాలుగు చుక్కలు వేసి అరగదీసినప్పుడే గంధం పుడుతుంది, పుట్టిన పూటే వాడకం అయిపోతుంది. తిరుమల కొండ మీద కల్యాణకట్టలో గుండు చేయించుకున్న తలకు పట్టించే గంధం కూడా అప్పటికప్పుడు తడిపిందే. ఆ సామానులో నీళ్ల సరుకు పన్నీరు ఒక్కటే. సన్నటి మెడ, బిగువైన మూత ఉన్న బుడ్డి కూడా దానికొక్కదానికే ఉండేది.

అంటే వెనకటి రోజుల్లో నీళ్లు ఇంట్లో కలిపేవారు, ఇప్పుడు ఫ్యాక్టరీలో కలుపుతున్నారు. షాంపూ సీసా వెనక పదార్థాల జాబితా చదివితే మొదటి మాట దాదాపు ఎప్పుడూ నీళ్లే, ‘ఆక్వా’ అనో ‘వాటర్’ అనో ఉంటుంది. పరిమాణం ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని దాకా వరుసగా రాయాలన్నది నియమం, 1 శాతానికి మించని వాటికి మాత్రం వరుస పట్టింపు లేదు. ఒంటికి రాసుకునే లోషన్లలోనూ సగానికి పైగా నీళ్లే. ఆ నీళ్లు వచ్చాక మూడు పనులు కొత్తగా నెత్తిన పడ్డాయి. సూక్ష్మజీవులు చేరకుండా సంరక్షకాలు కలపాలి. ఆవిరైపోకుండా, కారకుండా బిగించాలి. ఆ బరువునంతా లారీల మీద వందల కిలోమీటర్లు మోయాలి. డబ్బా పుట్టింది ఈ మూడింటి కోసం.

నీళ్లకు తోడు గాలి, వెలుతురు, వేడి అనే శత్రువులూ ఉన్నాయి. ఈ సంగతి చిత్తూరు జిల్లా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. తోతాపురి మామిడి గుజ్జును వేడిచేసి, సూక్ష్మజీవుల్లేని సంచిలో నింపి, ఇనప డ్రమ్ములో పెట్టి ఓడలెక్కించే జిల్లా ఇది. ఫ్రిజ్‌తో పని లేకుండా ఆ గుజ్జు నెలల తరబడి నిలవ ఉంటుందంటే గొప్పతనం డ్రమ్ముది కాదు, లోపలి సంచిది. ఆక్సిజన్‌ను చొరనివ్వని పొర దానిలో ఉంటుంది. విటమిన్ సి సీరం తయారుచేసేవాళ్లకూ ఇదే చిక్కు. గాలి, వెలుతురు తగిలితే అది పసుపెక్కి, ఆ పైన గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే ముదురు గోధుమ రంగు గాజు సీసా. అయితే ఆ సీసాకు డ్రాపర్ బిగించడం కాస్త విడ్డూరమే. చుక్క తీసిన ప్రతిసారీ అంత గాలి లోపలికి పోతుంది. వెలుతురుని అడ్డుకుని గాలికి తలుపు తీసినట్టు.

గాలి లేని పంపు ఈ చిక్కుకు మెరుగైన జవాబు. అందులో పీల్చే గొట్టం ఉండదు. అడుగున ఒక బిళ్ల ఉంటుంది, పైన నొక్కినప్పుడల్లా బిళ్ల పైకి జరుగుతుంది, బయటికొచ్చిన క్రీము చోటు అదే నింపుతుంది. ధర ఎక్కువ. చవకలో దానికి దగ్గరగా వచ్చేది ట్యూబు. ట్యూబును మొదట తలపెట్టింది సింగారం కోసం కాదు. అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ 1841లో రంగులు ఎండిపోకుండా తగరపు ట్యూబు చేసుకున్నాడు. తర్వాత అది టూత్‌పేస్టుకు, క్రీములకు పాకింది. నొక్కినంత మేర లోపలికి మడతపడే ఆ గుణమే దాని బలం. పొరలు అంటించిన ఇప్పటి లామినేట్ ట్యూబు నొక్కి వదిలితే మళ్లీ కొంత ఉబ్బి గాలి పీలుస్తుంది. పాత అల్యూమినియం ట్యూబు అలా చేయదు. చర్మానికి రాసే మందుల ఆయింట్‌మెంట్లు ఇప్పటికీ అల్యూమినియం ట్యూబుల్లో కనిపించడానికి అదొక కారణం.

అన్నిటికంటే అందంగా కనిపించేది, అన్నిటికంటే లోకువైనదీ వెడల్పు మూతి జాడీ. వేలు పెట్టిన ప్రతిసారీ తడి, మట్టి, సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. పైగా చాలా ప్లాస్టిక్ జాడీలకు రెండు గోడలుంటాయి. బయటి గోడకీ లోపలి గిన్నెకీ మధ్య ఖాళీ. చేతికి బరువుగా, కంటికి నిండుగా ఉంటుంది కానీ అడుగున రాసిన నికర పరిమాణం చూస్తే గిన్నె ఎంత చిన్నదో తెలుస్తుంది. జాడీ వెనక మూత తీసిన డబ్బా బొమ్మ, దాని మీద 12 ఎం అనో 6 ఎం అనో గుర్తు ఉంటే, తెరిచాక 12 నెలలు, 6 నెలలు వాడొచ్చని అర్థం. అది యూరప్ నియమం నుంచి వచ్చిన గుర్తు. మన చట్టం అడిగేది వాడాల్సిన గడువు తేదీని. రెండూ ఒకటి కావు. మూత తీయని డబ్బా గడువు వేరు, తీసిన డబ్బా గడువు వేరు.

ఇక వేడి. ఎండాకాలంలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డులోనో, మధ్యాహ్నం పూట నిలిపిన కొరియర్ వ్యానులోనో ఇంకా ఎక్కువ ఉంటుంది. అలాంటి రోజున వేడి నూనెను ప్లాస్టిక్ సీసాలో నింపి మూత బిగిస్తే, చల్లారాక సీసా బుగ్గలు లోపలికి పీక్కుపోతాయి. లోపలి గాలి కుంచించుకుపోవడం ఒక కారణం, మూతికీ నూనెకీ మధ్య మిగిలిన ఆక్సిజన్‌ను నూనె మెల్లగా పీల్చుకోవడం ఇంకో కారణం. ఇంట్లో మందారం, కరివేపాకు వేసి నూనె కాచి అమ్మే చిన్న తయారీదారులు ఇది తరచూ చూస్తారు, సీసా నాసిరకమని అనుకుంటారు. చాలాసార్లు తప్పు సీసాది కాదు, నూనె ఆరకముందే నింపడానిది. నారింజ తొక్క నూనె లాంటి సుగంధ తైలాలతో ఇంకో తంటా ఉంది. అందులోని లిమొనీన్ పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. గాజులోనో, దానికి తట్టుకునే ప్లాస్టిక్‌లోనో పోయాలి.

కొండెక్కేవాళ్లు ఎరిగిన ముచ్చట ఒకటుంది. ఘాట్ రోడ్డు మీద బస్సు పైకి పోతుంటే చిప్స్ ప్యాకెట్ ఉబ్బుతుంది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి నుంచి పైకి వెళ్లేసరికి గాలి ఒత్తిడి దాదాపు 8 శాతం పడిపోతుంది. కింద బిగించిన లోషన్ సీసా కొండ మీద గదిలో తెరిస్తే కొంచెం కక్కడానికి కారణం ఇదే. సగం ఖాళీ అయిన సీసా ఎక్కువ కక్కుతుంది, ఎందుకంటే అందులో గాలి ఎక్కువ. షాంపూ ప్యాకెట్ అతుకు ఈ ఒత్తిడికి, లారీలో పేర్చినప్పటి బరువుకి కూడా ఆగాలి.

ఆ ప్యాకెట్ కథే అసలు కథ. షాంపూ సాచెట్ పుట్టినిల్లు మనకు పెద్ద దూరం కాదు, తమిళనాడు తీరంలోని కడలూరు. చిన్ని కృష్ణన్ అనే ఆయన సరుకును చిన్న ప్యాకెట్లలో అమ్మే ఆలోచనతో వెల్వెట్ షాంపూకి దారి వేశాడు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో వేరుపడి చిక్ షాంపూ మొదలుపెట్టాడు. ఆ పేరులోనే తండ్రి పేరు దాగి ఉంది. తర్వాత ఆ సంస్థే కెవిన్‌కేర్ అయింది. మొదట్లో ఏ కంపెనీదైనా సరే 5 ఖాళీ ప్యాకెట్లు తెచ్చిస్తే ఒక చిక్ ప్యాకెట్ ఉచితం అన్నారు, కొన్నాళ్లకు 5 చిక్ ఖాళీలే తేవాలని మార్చారు. అమ్మకాలు ఎగబాకాయి. ఆ పథకం పెట్టింది అమ్మకం కోసమే, చెత్త ఏరడానికి కాదు. అయినా ఖాళీ షాంపూ ప్యాకెట్‌కు వెల పలికిన రోజులంటూ ఉంటే అవే. జనం ఖాళీలు దాచుకుని అంగడికి తెచ్చారు.

ఇప్పుడు ఎవరూ తేరు. కారణం ప్యాకెట్ కట్టుబడిలో ఉంది. పైన అచ్చు పడే పాలిస్టర్ పొర, మధ్యలో వెలుతురుని, తేమని, వాసనని ఆపే అల్యూమినియం పూత, లోపల వేడికి అతుక్కునే పాలిథిన్ పొర. మధ్యలో జిగురు. మొత్తం మందం మన తల వెంట్రుకకు అటూఇటూ. ఏ పొర పని ఆ పొరదే, ఒక్కటి తీసేసినా నీళ్లు నిలవవు. అంటించిన ఆ పొరల్ని మళ్లీ విడదీయడం గిట్టుబాటు కాదు. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో కూల్‌డ్రింకుల అల్యూమినియం క్యాన్లు తయారవుతాయి. తాగి పడేసిన క్యాన్ రోడ్డు మీద ఎంతోసేపు ఉండదు, పాత సామాన్ల అంగట్లో దానికి కిలో లెక్కన డబ్బులొస్తాయి. అదే లోహం షాంపూ ప్యాకెట్‌లో ఉన్నా ఎవరూ వంగి తీయరు. క్యాన్‌లో అది రేకు, ప్యాకెట్‌లో పొగ పట్టినంత పూత. ఏరితే అరగంటకు అరకిలో కూడా కాదు, ఒకవేళ అయినా కొనేవాడు లేడు. పోగైన చోట సిమెంటు బట్టీల్లో ఇంధనంగా కాల్చడమే ఎక్కువగా జరిగే పని.

మరి పేదవాడి ప్యాకెట్‌ను తప్పుపట్టొచ్చా? లెక్క చూద్దాం. రూపాయి ప్యాకెట్‌లో 5 మి.లీ. ఉందనుకుంటే, 36 ప్యాకెట్లు కొంటే 180 మి.లీ., ఖర్చు 36 రూపాయలు. అదే పేరున్న 180 మి.లీ. సీసా ఆ ధరకు దొరకదు. లోకంలో చాలా చోట్ల చిన్న పొట్లం కొనేవాడు ఎక్కువ కట్టాలి, మన షాంపూ విషయంలో తలకిందులు. సీసాకీ మూతకీ అయ్యే ఖర్చు ఒక కారణం, రూపాయి దగ్గర కంపెనీల మధ్య ఉన్న పోటీ ఇంకో కారణం. రోజుకూలి చేతికొచ్చే ఇంట్లో నెలకు సరిపడా సీసా కొనడం కుదరదు. బస్టాండులో దిగి సత్రంలో స్నానం చేసి దర్శనానికి పోయే యాత్రికుడికీ సీసాతో పని లేదు. కాబట్టి సీసా కొనండి, ప్యాకెట్ మానండి అనే ఉపదేశం ఇక్కడ చెల్లదు. చవకగా ఉన్నది కొనడం కొనేవాడి తప్పు కాదు. ఖాళీ ప్యాకెట్ ఖర్చు ఆ రూపాయిలో కలపకపోవడంలోనే తప్పుంది. ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలకు 2022లో చేర్చిన మార్గదర్శకాలు ఈ పొరల ప్యాకెట్లను వేరే తరగతిగా పెట్టి, సేకరించి వదిలించే బాధ్యత తయారీదారుల మీద మోపాయి. కాగితం మీద అది సరైన దిక్కే. వీధి చివర మురిక్కాలువలో ఇప్పటికీ ప్యాకెట్లే తేలుతున్నాయి.

డబ్బా ఆకారం ఎవరి కోసం మారుతుందో చెప్పే ఉదంతం కొబ్బరినూనెది. ఒకప్పుడు అది రేకు డబ్బాల్లో వచ్చేది. ప్యారాషూట్ కంపెనీ ప్లాస్టిక్‌కు మారాలనుకుంటే అంగళ్లవాళ్లు వద్దన్నారు. అంతకుముందు ఎవరో చదరపు ప్లాస్టిక్ సీసాల్లో నూనె తెస్తే ఎలుకలు మూలలు కొరికేశాయట. దాంతో కంపెనీ గుండ్రటి సీసా చేసి, నూనె నింపి, ఎలుకలున్న బోనులో పెట్టి చూసింది. పట్టు దొరక్క ఎలుకలు కొరకలేకపోయాయి. అలా గుండ్రటి సీసా అంగట్లోకి అడుగుపెట్టింది.

అదే కొబ్బరినూనెకు డబ్బా ఇంకో గొడవ తెచ్చింది. వంట నూనెకు 5 శాతం పన్ను, తలనూనెకు 18 శాతం ఉండేది. చిన్న సీసాలో అమ్మితే అది తలనూనే అని పన్నుల శాఖ వాదించింది. డబ్బా చిన్నదైనంత మాత్రాన తలనూనె కాదని, తలనూనెగా అమ్ముతున్నట్టు ప్యాకింగ్, లేబుల్ చెప్పాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె, షాంపూ, సబ్బు, టూత్‌పేస్టు అన్నీ 5 శాతానికి దిగడంతో ఆ తగవుకు పస తగ్గింది. లోపలి నూనె ఒకటే, పైనున్న కాగితాన్ని బట్టి పన్ను ఉండేది. డబ్బా మీది మాటకు అంత బలం ఉందన్నమాట.

ఆ మాటను చదవడం నేర్చుకోవడం మంచిది. సౌందర్య సాధనాలకు 2020లో ప్రత్యేక నియమాలు వచ్చాయి. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, గడువు, పదార్థాల జాబితా ఉండాలి. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. తల రంగులకైతే చర్మం మీద ముందుగా పరీక్షించాలని, కనుబొమలకూ రెప్పలకూ వాడితే చూపు పోయే ప్రమాదం ఉందని స్థానిక భాషలో కూడా హెచ్చరించాలి. ఈ హెచ్చరిక తెలుగులో ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందో భూతద్దం పెట్టుకుంటే గానీ తెలియదు. అదే డబ్బా ముందు వైపు హీరోయిన్ బొమ్మకు మాత్రం చోటు కరువు లేదు.

బొమ్మల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. శేషాచలం అడవుల పుణ్యమా అని ఎర్రచందనం పేరు మీద ఫేస్‌ప్యాకులు దండిగా వస్తున్నాయి. కవరు మీద ఎర్రటి దుంగ బొమ్మ, విప్పితే గుప్పుమనే గంధం వాసన. ఎర్రచందనానికి ఆ వాసన లేదు. దాని విలువ రంగులో, చేవలో ఉంది. పరిమళం శ్రీగంధానిది, అది వేరే చెట్టు. ప్యాకెట్‌లోంచి వచ్చే వాసన ఎక్కడిదో పదార్థాల జాబితా చివర ‘పర్‌ఫ్యూమ్’ అన్న మాట చెబుతుంది.

ఇక్కడే కుంకుమ పొట్లానికి ఎదురుదెబ్బ తగులుతుంది. పళ్లెంలో పోసిన కుంకుమకు ఈ జాబితా లేదు. పసుపు, నిమ్మరసం, వెలిగారం, పటిక కలిపి చేసిందా, ఏదో తెల్లపొడికి రంగు పట్టించిందా అన్నది కంటికి తెలియదు. సౌందర్య సాధనాల రంగుల్లో సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడకూడదని చట్టం చెబుతోంది. బ్యాచ్ నంబరు లేని రాశిని పట్టుకుని ఎవరిని అడగాలి? నుదుట దద్దుర్లు వచ్చిన మనిషికి పొట్లం కాగితం ఏ ఆధారమూ ఇవ్వదు. డబ్బా చేసే పనుల్లో సరుకును కాపాడటం ఒకటైతే, సరుకుకు బాధ్యుడెవరో చెప్పడం ఇంకొకటి. రెండో పనికి పొట్లం పనికిరాదు. భరిణె రోజులు తిరిగి రావాలని మురిసిపోయేవాళ్లు ఈ చిక్కును దాటేస్తుంటారు. తూకం వేసి అమ్మే రాశి పక్కనే తయారీదారు వివరాలున్న పలక పెట్టడం కష్టమైన పని కాదు, కానీ అది కనిపించే అంగళ్లు అరుదు.

తిరుపతిలో ఈ చర్చకు కొండ ఒక కొత్త మలుపు తెచ్చింది. 2021 ఆగస్టులో లడ్డూ కౌంటర్ల దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో రూపొందించిన, మట్టిలో కలిసిపోయే సంచుల అమ్మకం మొదలైంది. 2022 జూన్ 1 నుంచి కొండ మీద ప్లాస్టిక్ నిషేధాన్ని గట్టిగా అమలు చేశారు. తాగునీళ్లు గాజు సీసాల్లో అమ్ముతున్నారు, ఖాళీ సీసా తిరిగిస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది. అయిదు ఖాళీలకు ఒక ప్యాకెట్ అన్న కడలూరు సూత్రమే ఇది, సీసా రూపంలో. అయితే లడ్డూ సంచి పనిచేసినట్టు షాంపూకి అలాంటి సంచి పనిచేయదు. లడ్డూను ఆ సంచి కొన్ని రోజులు మోస్తే చాలు, షాంపూ నీళ్లను రెండు మూడేళ్లు ఆపాలి. మట్టిలో తేమ తగిలితే కరిగిపోవాల్సిన పొర, సీసా అయ్యాక తేమను ఏళ్ల తరబడి మోయాలంటే ఎలా? గాజు బరువు, స్నానాల గదిలో జారితే ముక్కలు. తిరుపతిలో చిన్నగా మొదలుపెట్టినవాళ్లు చెన్నై ప్యారీస్ కార్నర్ నుంచి సీసాలు తెచ్చుకుంటారు. అక్కడ గాజు సీసా ధరతో పాటు దారిలో పగిలేవాటి లెక్క కూడా వేసుకోవాలి.

కాబట్టి కవరు మార్చడం కంటే లోపలి నీళ్లు తీసేయడమే దగ్గరి దారి. శీకాయ పొడి చేసింది అదే. ఇప్పుడు సబ్బుబిళ్లలా అచ్చుపోసిన గట్టి షాంపూలు అదే చేస్తున్నాయి. నీళ్లు ఇంటి కుళాయిలోంచి వస్తాయి, లారీ మోయక్కర్లేదు, పైన ఒక కాగితం చుడితే చాలు, ఆ కాగితం మీద బ్యాచ్ నంబరుకూ చోటుంటుంది. ఇబ్బంది ఒక్కటే, తడి మీద వదిలేస్తే నానిపోతుంది. నీళ్లు కారిపోయేలా అడుగున చిల్లులున్న పెట్టె ఒకటి కావాలి. ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఇప్పటికే ఉంది: సబ్బుపెట్టె.